బెంగళూరులో మెత్తటి ప్లాస్టిక్ రీసైక్లింగ్: దుకాణాలు, గోదాములు, అపార్ట్‌మెంట్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మెత్తటి ప్లాస్టిక్ అంటే ఏవేవి వస్తాయి?

పిడికిట్లో ముద్దగా నలపగలిగేదంతా దాదాపు ఈ కోవలోకే వస్తుంది. గోదాముల్లో ప్యాలెట్ చుట్టూ చుట్టే స్ట్రెచ్ ఫిల్మ్, నీళ్ల బాటిళ్ల కేసుల మీద ఉండే ష్రింక్ కవరు, చొక్కాలు, చీరలు వచ్చే పారదర్శక కవర్లు, బబుల్ ర్యాప్, గాలి నింపిన దిండ్లు, కొరియర్ కవర్లు, పాల పాకెట్లు, నూనె పాకెట్లు, బియ్యం బస్తాల లోపలి పొర, చిప్స్ ప్యాకెట్లు ఇందులోవే. బాటిళ్లు, డబ్బాలు గట్టి ప్లాస్టిక్, వాటి దారి వేరు. ఫ్లెక్స్ బ్యానర్లు, రెయిన్‌కోట్లు, టేబుల్ మీద పరిచే మందపాటి పారదర్శక షీట్లు మెత్తగానే ఉంటాయి కానీ వాటిలో ఎక్కువ భాగం పీవీసీ. మిగతా సరుకులో వాటిని అస్సలు కలపకూడదు.

అన్నీ కవర్లే కదా, విడదీయడం ఎందుకు?

చూడ్డానికి ఒకేలా ఉన్నా కరిగే వేడి వేరు. ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి.

వ్యాపారంలో ఎల్‌డీ అని పిలిచే మెత్తటి పాలిథిలీన్ 105 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. స్ట్రెచ్ ఫిల్మ్‌లో ఉండే ఎల్‌ఎల్‌డీ 120 దాటాక, గరగరలాడే పల్చటి హెచ్‌ఎం కవరు 130 దగ్గర, పీపీ (పాలిప్రొపిలీన్) 160 దాటాక కరుగుతాయి. నైలాన్‌కు 220 కావాలి, నీళ్ల బాటిళ్లు చేసే పెట్‌కు 250. పాత ఎల్‌డీని కరిగించి దానా (కొత్త వస్తువులు చేసే ప్లాస్టిక్ గింజలు) తీసే ఎక్స్‌ట్రూడర్ మెషిన్‌ను సాధారణంగా 170-200 మధ్య నడుపుతారు. ఆ వేడికి పెట్ ముక్క కరగదు, గట్టి పలుకులా అలాగే ఉండిపోతుంది. సన్నవి వడకట్టే జాలీని దాటుకుని దానాలోకి, దానితో చేసే ఫిల్మ్‌లోకి వచ్చేస్తాయి. ఫిల్మ్ బుడగలా ఊదుతున్నప్పుడు పలుకు ఉన్నచోట చిల్లు పడి బుడగ పగిలిపోతుంది, లైను ఆపాల్సి వస్తుంది.

పీపీ సంగతి ఇంకోలా ఉంటుంది. కాస్త వేడి పెంచితే అదీ కరుగుతుంది కానీ పాలిథిలీన్‌తో కలవదు. రెండూ విడివిడి చారలుగా ఉండిపోతాయి, లాగితే ఆ చార వెంబడే చిరుగుతుంది. అన్నిటికంటే ప్రమాదం పీవీసీది. ఆ వేడిలో అది విడిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. పనివాళ్ల కళ్లు, గొంతు మండుతాయి, స్క్రూ, బ్యారెల్ తినేస్తుంది, దానాలో నల్ల మచ్చలు పడతాయి. మోతాదు తక్కువైనా నష్టం తక్కువ కాదు.

చేత్తో పట్టుకుని గుర్తుపట్టడం ఎలా?

రెండు బొటనవేళ్లతో లాగండి. చప్పుడు లేకుండా సాగి, సాగినచోట తెల్లబడితే ఎల్‌డీ. సాగకుండా గరగరమంటూ ఒక దిక్కుకే చీలిపోతే హెచ్‌ఎం. గాజులా మెరుస్తూ, నలిపితే కరకరలాడుతూ, అంచున చిన్న గాటు పడగానే జర్రున చివరిదాకా చిరిగితే పీపీ. లోపల వెండిలా మెరుస్తూ ఉన్నా, చింపితే పొరలు విడిగా కనిపించినా అది బహుళపొరల సరుకు.

అనుమానం తీరకపోతే బకెట్ నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి, చిన్న ముక్క కత్తిరించి ముంచండి. సబ్బు వేయకపోతే గాలి బుడగలు అంటుకుని మునగాల్సింది కూడా తేలుతుంది. పాలిథిలీన్, పీపీ తేలతాయి. పీవీసీ, పెట్ మునుగుతాయి. ఎల్‌డీలా అనిపించిన కవరు మునిగిందంటే అందులో సుద్దపొడి దండిగా కలిపి ఉండవచ్చు. చవక కవర్లలో బరువు పెంచడానికి, ఖర్చు తగ్గించడానికి అలా చేస్తారు.

పీవీసీని తేల్చడానికి రాగి తీగ పరీక్ష ఉంది. తీగను మంటలో రంగు రానంతవరకు కాల్చి, ఆ వేడి తీగతో ప్లాస్టిక్‌ను తాకి, తిరిగి మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టే. ఇది ఆరుబయట, గోరంత ముక్కతో చేసే పని. ప్లాస్టిక్‌ను నేరుగా కాల్చి వాసన చూసే అలవాటు గుజరీ (పాత సామాను కొనే) దుకాణాల్లో ఇంకా ఉంది. అది మానుకోవాలి.

మా దుకాణంలో రోజుకు నాలుగైదు కిలోలే వస్తుంది. బండి వస్తుందా?

ఒంటరిగా అయితే రాదు. మెత్తటి ప్లాస్టిక్‌లో అసలు ఖర్చు గాలిని మోయడానికే. వదులుగా ఉన్న ఫిల్మ్ ఒక ఘనమీటరుకు 30-40 కిలోలే తూగుతుంది. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు నింపగలిగే చిన్న ట్రక్కు తీసుకుంటే లోపల చోటు సుమారు పది ఘనమీటర్లు. అంటే బండి కిటకిటలాడినా 300-400 కిలోలకు మించదు. అదే సరుకు బేలు కట్టి (మెషిన్‌లో గట్టిగా అదిమి మోపుగా కట్టి) ఘనమీటరుకు 250 కిలోలకు తెస్తే, అదే బండి రెండు టన్నులకు పైగా మోస్తుంది. ఒకే డ్రైవరు, ఒకే డీజిల్, కిలోకు పడే రవాణా మాత్రం ఆరో వంతు.

అందుకే చిన్న దుకాణాలకు పనికొచ్చే మార్గం కలిసి పోగుచేయడం. చిక్‌పేట లాంటి బట్టల వీధిలో ఒక్కో దుకాణం రోజుకు ఇచ్చేది రెండు కిలోలే అయినా, ఒకే కాంప్లెక్స్‌లో ముప్ఫై దుకాణాలు ఒకే మూల గదిలో పెడితే వారానికి 350 కిలోలకు పైనే అవుతుంది. అదీ ఒకే రకం శుభ్రమైన కవరు. కొనేవాళ్లు దాన్ని వెతుక్కుంటూ వస్తారు. ఇళ్ల నుంచి వచ్చేది వార్డు పొడిచెత్త సేకరణ కేంద్రానికి ఇవ్వవచ్చు. 2025 సెప్టెంబర్‌లో బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి, మీ వార్డు ఇప్పుడు ఏ కార్పొరేషన్ కిందికి వస్తుందో ముందు చూసుకోండి. రోజుకు 100 కిలోలకు మించి మొత్తం చెత్త వచ్చే సంస్థలు బల్క్ జెనరేటర్ల కిందికి వస్తాయి. వాటికి సొంత ఏర్పాటు ఉండాలి.

బేలింగ్ మెషిన్ కొనాలా?

రోజుకు 50 కిలోల ఫిల్మ్ కూడా రాకపోతే వద్దు. జంబో సంచిలో వేసి కాలితో తొక్కి, మూతి బిగించి కడితే చాలు. అంతకు మించి వచ్చే గోదాములకు నిలువు హైడ్రాలిక్ బేలర్ ఖర్చుకు తగ్గ ఫలితం ఇస్తుంది. కొనేముందు త్రీ ఫేజ్ కనెక్షన్ ఉందో లేదో, బేలు బయటికి దొర్లించే చోటు ఉందో లేదో చూడండి. ఒక మనిషి ట్రాలీ మీదకు తోయలేని బేలు కట్టి లాభం లేదు. ఫోర్క్‌లిఫ్ట్ లేనిచోట బేలు 60-70 కిలోలకు మించకుండా చూసుకోవడం మంచిది.

కట్టడానికి ఇనుప తీగ కన్నా పీపీ పట్టీ నయం. తీగ ముక్క ఒకటి చూసుకోకుండా కట్టర్‌లోకి వెళ్తే బ్లేడ్లు పోతాయి. ఆ నష్టం మరుసటి లోడు ధరలో మీ మీదే పడుతుంది. ఒక బేలులో ఒకే రకం ఉండాలి, దాని మీద మార్కర్‌తో రకం, తేదీ, బరువు రాయాలి. తడి సరుకు బేలు కడితే లోపల నెలల తరబడి ఆరదు, విప్పినప్పుడు వచ్చే కంపు దానాలో కూడా ఉండిపోతుంది.

పాల పాకెట్లు కడిగే ఇవ్వాలా?

కడగాలి, అయితే సబ్బు అక్కర్లేదు. మూల కత్తిరించేటప్పుడు ముక్క పూర్తిగా ఊడిపోకుండా అంటిపెట్టి ఉంచండి. ఆ చిన్న ముక్క విడిపోతే కాలువలోకే వెళ్తుంది, ఏ జల్లెడకూ దొరకదు. పాకెట్‌లో కాసిని నీళ్లు పోసి ఆడించి, తిరగేసి తీగకు తగిలిస్తే మధ్యాహ్నానికి ఆరిపోతుంది. కడగని పాల కవరు రెండో రోజుకే పులుస్తుంది. అదే సంచిలో ఉన్న శుభ్రమైన కవర్లకూ ఆ వాసన పడుతుంది. నందిని పాకెట్ల లాంటివి మంచి ఎల్‌డీ, ఎల్‌ఎల్‌డీ మిశ్రమం. శుభ్రంగా ఇస్తే గుజరీ వాళ్లు విడిగా ధర కట్టి కొంటారు.

నూనె పాకెట్లను మాత్రం విడిగా ఉంచండి. నూనె అంటిన ఫిల్మ్ చల్లనీళ్ల వాషింగ్‌లో శుభ్రపడదు. వేడి నీళ్లు, కాస్టిక్ సోడా కావాలి, ఆ ఏర్పాటు చిన్న యూనిట్లలో ఉండదు. పైగా కొన్నిటిలో నైలాన్ పొర కూడా ఉంటుంది. హోటళ్లు పాకెట్‌ను బోర్లించి ఒక రాత్రి కారనిస్తే నూనె దక్కుతుంది, సరుకూ కాస్త తేలికపడుతుంది.

చిప్స్, బిస్కెట్, షాంపూ ప్యాకెట్లు ఏమవుతాయి?

వీటితో ఫిల్మ్ దానా తీయడం ఇప్పటి వాణిజ్య యూనిట్లలో దాదాపు అసాధ్యం. పెట్, పీపీ, అల్యూమినియం పూత, పాలిథిలీన్, సిరా, జిగురు అన్నీ జుట్టు మందంలో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వీటికి మిగిలిన దారులు మూడు.

మొదటిది సిమెంట్ బట్టీ. పాలిథిలీన్‌కు కిలోకు సుమారు 10,000 కిలోకేలరీల వేడి ఉంటుంది, మామూలు బొగ్గుకన్నా ఎక్కువే. సిమెంట్‌కు ముడిసరుకైన క్లింకర్ తయారయ్యే చోట 1,400 డిగ్రీలు దాటిన వేడి ఉంటుంది కాబట్టి పూర్తిగా కాలిపోతుంది. అక్కడ కూడా క్లోరిన్ పనికిరాదు. బట్టీ గోడలకు అట్టలు కట్టి గొట్టాలు మూసుకుపోతాయి. అందువల్ల పీవీసీ ఉన్న లోడు అక్కడ కూడా వెనక్కే వస్తుంది.

రెండోది తారు రోడ్డు. మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ ఆర్. వాసుదేవన్ అభివృద్ధి చేసిన పొడి పద్ధతిలో, ప్లాస్టిక్‌ను రెండున్నర మిల్లీమీటర్ల లోపు ముక్కలు చేసి, 160-170 డిగ్రీలకు వేడెక్కిన కంకర మీద చల్లుతారు. అది కంకరకు పూతలా పట్టాక తారు కలుపుతారు. మోతాదు తారు బరువులో 6 నుంచి 8 శాతం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది.

మూడోది వేడి ప్రెస్‌లో అదిమి బోర్డులు చేయడం. ముక్కలు చేసిన సరుకును ట్రేలో సమంగా పరిచి వేడి ప్లేట్ల మధ్య నొక్కుతారు, తర్వాత ఒత్తిడి తీయకుండానే చల్లారుస్తారు. చల్లారకముందే తీస్తే బోర్డు వంకర తిరుగుతుంది. ఇక్కడ పాలిథిలీన్ పొర కరిగి జిగురులా పనిచేస్తుంది, మిగతావి అందులో ఇరుక్కుని ఉంటాయి.

ఈ మూడింటిలో బోర్డు ఒక్కటే రీసైక్లింగ్ అనే మాటకు కొంత దగ్గర. రోడ్డు, బట్టీ దారులను కేంద్రం నిబంధనలు కూడా తుది పారవేతగానే లెక్కిస్తాయి. మీ ప్రచార కరపత్రంలో "వంద శాతం రీసైకిల్" అని వేసేముందు ఆ సంగతి చూసుకోండి.

మేము కంపోస్టబుల్ కవర్లు వాడుతున్నాం. అవీ ఇందులో వేయవచ్చా?

వద్దు. అవి పాలిథిలీన్ కావు. నీళ్ల తొట్టి ఉన్న యూనిట్లో మునిగి విడిపోతాయి కానీ, పొడి సరుకును నేరుగా కరిగించే యూనిట్లో ఎవరికీ తెలియకుండా కలిసిపోతాయి. తేమ తగిలిన వేడిలో ఆ గొలుసులు తెగిపోయి దానా బలహీనపడుతుంది. "ఆక్సో" అని రాసి ఉన్న కవర్లు ఇంకా చెడ్డవి. చూడ్డానికీ, తేలడానికీ అచ్చం ఎల్‌డీలాగే ఉంటాయి, లోపల ప్లాస్టిక్‌ను ముక్కలు చేసే రసాయనం ఉంటుంది. ఆ దానాతో చేసిన పైపు ఎండలో త్వరగా పెళుసెక్కుతుంది.

గుడ్డ సంచిలా కనిపించే సంచులో?

వాటిలో ఎక్కువ భాగం నాన్ వోవెన్ పీపీ. పీపీ సంచిలో వేయండి.

మా లోడు వెనక్కి పంపారు. ఎందుకు?

చాలావరకు కారణం ఈ ఐదింటిలో ఒకటి.

తేమ మొదటిది. జూన్ నుంచి అక్టోబర్ వరకు ఆరుబయట ఉంచిన సరుకులో నీళ్లు బరువుగా చేరతాయి. కొనేవాడు నీళ్లకు డబ్బు ఇవ్వడు. రెండోది టేపు, కాగితపు లేబుళ్లు. కొరియర్ కవర్ల మీద అతికించే బార్‌కోడ్ చీటీ నానితే గుజ్జవుతుంది, నానకపోతే ఎక్స్‌ట్రూడర్‌లో మాడి గోధుమరంగు మచ్చలు వేస్తుంది, వాసన వేస్తుంది. లేబులు ఉన్న చదరం కత్తెరతో కోసి తీసేయడమే సులువైన ఉపాయం. గోకుతూ కూర్చోవద్దు. మూడోది తిండి, మట్టి. నాలుగోది రకాల కలయిక, మరీ ముఖ్యంగా పారదర్శక ఫిల్మ్‌లో రంగు కవర్లు. ఒక నల్ల కవరు చాలు, తెల్లగా రావాల్సిన దానా బూడిదరంగులోకి తిరుగుతుంది. ఐదోది బేలు మధ్యలో దొరికే అట్టముక్కలు, కటింగ్ బ్లేడు, థర్మోకోల్. వీటిని కావాలని బరువు కోసం పెట్టారని అనుకుంటారు, నమ్మకం పోతుంది. నమ్మకం పోయాక ప్రతి బేలూ విప్పి చూస్తారు, ఆ కూలీ మీ ధరలో కోస్తారు.

ఫ్యాక్టరీలో వరుసగా ఏం జరుగుతుంది?

బేలు విప్పి బల్ల మీద మనుషులే మళ్లీ ఏరతారు. నాయండహళ్లి లాంటి చోట్ల ఉండే చిన్న యూనిట్లలో ఈ పని చేసే ఆడవాళ్ల వేళ్లకు ఉన్నంత తెలివి ఇంకా ఏ మెషిన్‌కూ రాలేదు. గరగర చప్పుడు విని హెచ్‌ఎం పక్కకు వేసేస్తారు. ఆ తర్వాత కట్టర్‌లో అరచేతి సైజు ముక్కలవుతాయి.

మురికి సరుకు నీళ్లలోకి వెళ్తుంది. వేగంగా తిరిగే రెక్కలున్న గొట్టంలో ముక్కలు ఒకదానికొకటి రాసుకుని మట్టి వదులుతాయి. తర్వాత పొడవాటి తొట్టి. పాలిథిలీన్, పీపీ పైన తేలుతూ ముందుకు సాగుతాయి, ఇసుక, పీవీసీ, పెట్ అడుగుకు దిగుతాయి. తొట్టిలో ఒకేసారి ఎక్కువ పోస్తే ముక్కలు చాపలా పేరుకుని, మునగాల్సినవి కూడా పైనే చిక్కుకుంటాయి. చాలామంది వాషింగ్ సరిగా లేదని సబ్బు పెంచుతారు. చేయాల్సింది తొట్టిలోకి వదిలే వేగం తగ్గించడం. పీపీ, పాలిథిలీన్ రెండూ తేలతాయి కాబట్టి వాటిని ఈ తొట్టి విడదీయలేదు. అందుకే మీ దగ్గరే విడదీయమని అంత గట్టిగా చెప్పేది.

ఆరబెట్టడం మొత్తం పనిలో కష్టమైన దశ. పల్చటి ఫిల్మ్ ముక్కకు బరువు తక్కువ, నీళ్లు అంటుకునే తలం ఎక్కువ. తిప్పి నీళ్లు చిమ్మే డ్రయర్ నుంచి వచ్చాక కూడా పదో వంతు దాకా తేమ మిగలవచ్చు. పెద్ద యూనిట్లలో స్క్వీజర్ అనే స్క్రూ ప్రెస్ దాన్ని పిండేస్తుంది. చిన్న యూనిట్లలో ఆ పని అగ్లో మెషిన్ చేస్తుంది. డ్రమ్ము అడుగున బ్లేడ్లు వేగంగా తిరుగుతుంటే రాపిడి వేడికి నీరు ఆవిరై, ఫిల్మ్ మెత్తబడి ముద్ద కట్టడం మొదలవుతుంది. సరిగ్గా ఆ క్షణంలో ఓ మగ్గు నీళ్లు చల్లితే ముద్ద పగిలి రవ్వలా విడిపోతుంది. పది సెకన్లు ఆలస్యమైతే డ్రమ్ములో బండరాయి తయారవుతుంది, గడ్డపారతో తవ్వుకోవాలి.

రవ్వ ఎక్స్‌ట్రూడర్‌లోకి వెళ్తుంది. బ్యారెల్ మధ్యలో ఉన్న వెంట్ నుంచి మిగిలిన ఆవిరి, సిరా వాయువులు బయటికి పోతాయి. అక్కడ వాక్యూమ్ పంపు, పొగ పీల్చే హుడ్ లేకపోతే షెడ్డంతా ఆ ఘాటే. కరిగిన ప్లాస్టిక్ 60, 80, 100 మెష్ (అంకె పెరిగేకొద్దీ కన్నాలు సన్నం) జాలీల గుండా వెళ్లి, దారాలుగా నీళ్ల తొట్టిలో చల్లారి, దానాగా తెగుతుంది. జాలీ ముందు ఒత్తిడి పెరుగుతుంటే మురికి నిండుతోందన్నమాట. మార్చకుండా సాగదీస్తే జాలీ చినిగి పోగైన మురికంతా ఒకేసారి దానాలోకి వస్తుంది. దారం మాటిమాటికీ తెగుతున్నా, దానా లోపల గుల్లగా ఉన్నా తేమ మిగిలినట్టు.

వాడిన నీళ్లను స్థిరపరిచి, వడకట్టి మళ్లీ వాడాలి. కాలువలోకి వదిలే యూనిట్‌కు సరుకు ఇవ్వకండి, ధర ఎంత ఎక్కువిచ్చినా సరే.

దానా కొనేటప్పుడు ఏం పరీక్షించాలి?

ఒక గ్లాసు నీళ్లలో పదిహేను గింజలు వేయండి. ఎల్‌డీ దానాలో కొన్ని మునిగితే సుద్దపొడో పరాయి ప్లాస్టిక్కో ఉంది. నాలుగు గింజలు బ్లేడుతో కోసి లోపల గుల్ల ఉందేమో చూడండి. అరచేతిలో రుద్ది వాసన చూడండి. పెద్ద కొనుగోలుకు ముందు మెల్ట్ ఫ్లో రిపోర్టు అడగండి. 190 డిగ్రీల వద్ద, 2.16 కిలోల బరువుతో, పది నిమిషాల్లో ఎన్ని గ్రాములు కారిందో చెప్పే అంకె అది. ఫిల్మ్ ఊదే పనికి ఆ అంకె పెరిగిపోతే బుడగ నిలబడదు. దాంతోపాటు బూడిద శాతం. కొలిమిలో పూర్తిగా కాల్చాక మిగిలేది సుద్ద, మట్టి, రంగుపొడి. మైసూరులో సిపెట్ (కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సాంకేతిక సంస్థ) కేంద్రం ఉంది, ఇలాంటి పరీక్షలు అక్కడ చేయించుకోవచ్చు. బ్యాచ్ బ్యాచ్‌కూ తేడా ఉంటుంది కాబట్టి ఒక మంచి శాంపిల్ చూసి పది టన్నులు ఆర్డరివ్వకూడదు.

ఈ దానా మళ్లీ పాల పాకెట్ అవుతుందా?

అవదు. వాడిన కవర్ల నుంచి ఇలా తీసిన దానా తిండికి తగిలే చోట వాడకూడదు. కవరులో ఇంతకుముందు ఏముండేదో, ఏ రంగు, ఏ పురుగుమందు పీల్చుకుందో ఎవరికీ తెలియదు. చెత్త సంచులు, ష్రింక్ ఫిల్మ్, కొరియర్ కవర్ల మధ్య పొర, నర్సరీ సంచులు, కాంక్రీటు కింద పరిచే షీటు, తోట నీళ్ల పైపులు, తట్టలు దీని అసలు మార్కెట్. పారదర్శక స్ట్రెచ్ ఫిల్మ్ దానా పై స్థాయి పనులకు వెళ్తుంది. రంగురంగుల ఇంటి కవర్ల దానాకు నల్లరంగు కలిపి పైపులు, సంచులు చేస్తారు.

గిరాకీని ఇప్పుడు నిబంధనలు కూడా పెంచుతున్నాయి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన విస్తరిత ఉత్పత్తిదారు బాధ్యత (ఈపీఆర్, అంటే ప్యాకేజింగ్ వాడే కంపెనీలే దాని చెత్తకు బాధ్యత వహించడం) మార్గదర్శకాలు ప్యాకేజింగ్‌లో రీసైకిల్ ప్లాస్టిక్ వాటా పెట్టాయి. మెత్తటి ప్యాకేజింగ్‌కు 2025-26లో 10 శాతంతో మొదలై 2028-29కి 20 శాతానికి చేరాలి. చట్టం వల్ల తిండికి వాడలేని చోట మినహాయింపుకు వీలుంది.

రీసైకిల్ చెత్త సంచులు చిరిగిపోతున్నాయి. మోసమా?

ఒక్కోసారి మోసమే, బరువు తూచితే తెలిసిపోతుంది. 24 అంగుళాల వెడల్పు, 32 అంగుళాల పొడవున్న సంచికి రెండు వైపులా కలిపి దాదాపు ఒక చదరపు మీటరు ఫిల్మ్ పడుతుంది. 50 మైక్రాన్ల మందమైతే సంచి బరువు సుమారు 45 గ్రాములు రావాలి, కిలోకు 22 సంచులు. మీకు కిలోకు 35 వస్తుంటే మందం 30 మైక్రాన్ల దగ్గరే ఉంది, ముద్రించింది ఏదైనా సరే.

బరువు సరిగ్గా ఉండి కూడా చిరిగితే అతుకు చూడండి. అడుగు అతుకు దగ్గరే ఊడితే సీలింగ్ వేడిలో లోపం. నిలువునా చీలితే హెచ్‌ఎం, పీపీ ఎక్కువ కలిసింది, లేదా బుడగను అడ్డంగా తగినంత ఊదకుండా పైకి లాగేశారు. ఊదాక బుడగ వ్యాసం, ప్లాస్టిక్ బయటికి వచ్చే గుండ్రటి డై వ్యాసానికి రెండు నుంచి మూడు రెట్లు ఉంటే బలం రెండు దిక్కులా సమంగా ఉంటుంది. తయారీదారులు చిల్లులు పడుతున్నప్పుడు చేయాల్సిన మొదటి పని వేడి పెంచడం కాదు, జాలీ సన్నబరచడం.

డబ్బు ఎంత వస్తుంది?

ధర కొత్త రెసిన్ (ముడిచమురు నుంచి తీసే తాజా ప్లాస్టిక్) ధర వెంట నడుస్తుంది. ముడిచమురు పడినప్పుడు పాత కవరును అడిగేవాడే ఉండడు. వరుస మాత్రం మారదు. పారదర్శక ఎల్‌డీ పైన, తర్వాత తెలుపు, తర్వాత ముద్రణ ఉన్నవి, కింద కలగూర రంగులు. బహుళపొరల సరుకుకు చాలాచోట్ల మీరే రవాణా ఇవ్వాలి.

బిల్లు లెక్క ఎలా ఉంటుందంటే, 500 కిలోల లోడులో తేమకు 40, లేబుళ్లు, టేపుకు 25, పరాయి ప్లాస్టిక్‌కు 15 కిలోలు కోస్తే మీకు డబ్బు వచ్చేది 420 కిలోలకే. ఈ కోతల శాతం ముందే కాగితం మీద రాయించుకోండి. వేబ్రిడ్జి చీటీ మీ దగ్గరా ఒకటి ఉండాలి.

కాగితాలు ఏమేం ఉండాలి?

ప్లాస్టిక్ తుక్కు జీఎస్టీ సరుకు కోడు హెచ్‌ఎస్‌ఎన్ 3915 కిందికి వస్తుంది, జీఎస్టీ బిల్లుతోనే అమ్మండి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు. కొనే యూనిట్‌కు కర్ణాటక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, రీసైక్లర్‌గా నమోదు ఉన్నాయా అని గడువు తేదీతో సహా చూడండి. కంపెనీలు తమ బాధ్యత తీరిందని చూపే ఈపీఆర్ సర్టిఫికెట్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదైన ప్రాసెసర్ మాత్రమే సృష్టించగలడు. సేకరించేవాడు తన లెటర్‌హెడ్ మీద ఇచ్చేది ధన్యవాద పత్రమే తప్ప సర్టిఫికెట్ కాదు. 2023లో కేంద్ర మండలి తనిఖీల్లో లక్షల సంఖ్యలో నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయి.

కర్ణాటకలో కవర్లు నిషేధం కదా, ఇంకా ఎక్కడి నుంచి వస్తున్నాయి?

2016 మార్చి నోటిఫికేషన్ ఏ మందమైనా సరే క్యారీ బ్యాగులను నిషేధించింది. పాల ప్యాకింగ్, తయారీ చోటే సీలు చేసి వచ్చే ప్యాకేజింగ్ లాంటివాటికి మినహాయింపు ఉంది. గోదాముల్లో వచ్చే ఫిల్మ్ అంతా ఆ రెండో రకమే. నిషేధిత క్యారీ బ్యాగులు కూడా చెత్తలో కనిపిస్తూనే ఉంటాయి. వాటిని రీసైక్లింగ్‌కు ఇవ్వడం తప్పు కాదు, కొత్తవి కొని కస్టమరుకు ఇవ్వడమే తప్పు.

నిల్వలో నిప్పు భయం ఉందా?

బాగా ఉంది. పాలిథిలీన్ కరిగి మండుతూ పారుతుంది, ఒక బేలు నుంచి పక్క బేలు కిందికి చేరిపోతుంది. బేళ్ల గుట్టల మధ్య మనిషి నడిచే దారి వదలండి. కరెంటు బోర్డు, చార్జింగ్ పాయింట్ దగ్గర గుట్ట వేయొద్దు. పక్క గదిలో వెల్డింగ్ జరుగుతుంటే ముందు సరుకు జరపండి. పది రోజులకు మించి నిల్వ ఉంచకపోవడం అన్నిటికన్నా సులువైన జాగ్రత్త, ఎలుకల బెడదా ఉండదు.

మేమిచ్చింది నిజంగా రీసైకిల్ అవుతోందని నమ్మేదెలా?

యూనిట్‌కు వెళ్లి చూడండి. లోపలికి వచ్చిన బరువు, దానాగా బయటికి వెళ్లిన బరువు, మిగిలిన వ్యర్థం ఎక్కడికి వెళ్లింది, ఈ మూడు అంకెలు అడగండి. మురికి సరుకు తీసుకుని నూటికి నూరు కిలోల దానా తీశామంటే లెక్క అబద్ధం. కరెంటు బిల్లు కూడా చూపించమనండి. నెలకు వంద టన్నులు కరిగించామని చెప్పే షెడ్డుకు ఇంటి కరెంటు బిల్లు రాదు.

దానా ఎవరు కొంటున్నారన్నది అసలు ప్రశ్న. ఆస్ట్రేలియాలో సూపర్‌మార్కెట్ల ముందు డబ్బాలు పెట్టి మెత్తటి ప్లాస్టిక్ సేకరించిన రెడ్‌సైకిల్ పథకం 2022 నవంబర్‌లో ఆగిపోయింది. జనం నమ్మకంగా తెచ్చి ఇచ్చిన సరుకు వేల టన్నులు గోదాముల్లో గుట్టలుగా బయటపడింది. సేకరణ బాగానే జరిగింది, తీసుకుని వాడే ఫ్యాక్టరీల సామర్థ్యమే చాల్లేదు. మీ అపార్ట్‌మెంట్‌లో డబ్బా పెట్టేముందు కొనుగోలుదారుణ్ని వెతకండి. డబ్బా రంగు తర్వాత చూసుకోవచ్చు.

హౌస్‌కీపింగ్ వాళ్లకు ఎలా నేర్పాలి?

పాలిమర్ పేర్లు చెప్పొద్దు. గోడకు నిజమైన కవర్లే అతికించండి. ఒక సంచి పైన స్ట్రెచ్ ఫిల్మ్ ముక్క, ఒకదాని పైన చొక్కా కవరు, ఒకదాని పైన చిప్స్ ప్యాకెట్, ఇంకోదాని పైన "ఏదో తెలియదు" అనే ఖాళీ చదరం. బెంగళూరులో ఒకే షిఫ్టులో కన్నడం, తెలుగు, బెంగాలీ, ఒడియా మాట్లాడేవాళ్లు ఉంటారు కాబట్టి రాతకన్నా ఇదే పనిచేస్తుంది. "తెలియదు" సంచి తప్పనిసరి. అది లేకపోతే అనుమానపు ముక్కలన్నీ మంచి సంచిలోకే వెళ్తాయి. అమ్మగా వచ్చిన డబ్బులో వాళ్లకు వాటా ఎంతో మొదటి వారమే చెప్పండి, ఏరడంలో తేడా రెండో వారానికే కనిపిస్తుంది.